సారు చేసిన తప్పులు

2022 వేసవి. నందిగామ బస్టాండుకు దగ్గరలో, రేకుల షెడ్డులో మా శిక్షణ కేంద్రం ఉండేది. పని నేర్పడం నా ఉద్యోగం కాదు. పని వచ్చినవాళ్లకు దాన్ని పదిమందికి ఎలా నేర్పాలో చెప్పడం నా ఉద్యోగం. వైరింగ్ మేస్త్రీలు, బ్యూటీపార్లర్ అమ్మాయిలు, కుట్టుపనివాళ్లు వచ్చేవారు. అందరిచేతా ముందు లెసన్ ప్లాన్ రాయించేవాణ్ని. అంటే క్లాసులో ఏ నిమిషానికి ఏం చెప్పాలి, ఏం చూపించాలి, ఏం అడగాలి అని ముందే కాగితం మీద పెట్టుకోవడం. ఈ విషయంలో నాకు కాస్త పిచ్చి. ముప్పావుగంట క్లాసుకు నాలుగు పేజీల ప్లాన్ లేకపోతే కోపం నషాళానికి అంటేది.

ఆ బ్యాచ్‌లో పెనుగంచిప్రోలు నుంచి మస్తాన్‌బీ వచ్చేది. నలభై ఏళ్లుంటాయి. జాకెట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. జగ్గయ్యపేటలో కొత్తగా పెట్టిన కుట్టు సెంటర్‌కు టీచర్ కావాలన్నారు. సోమవారం డెమో క్లాసు, అంటే అధికారి వెనక కూర్చుని చూస్తుండగా ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. ఆమె వారం ముందు నుంచే అన్నం సరిగ్గా తినడం మానేసింది.

"అంత దిగులెందుకమ్మా? ఇంటి దగ్గర నీకు పని లేకనా?" అన్నాను.

"పనికేం సార్, కావాల్సినంత ఉంది. ఇరవయ్యేళ్లు ఒంగి కుట్టా. ఒక్కసారి నిలబడి చెప్పాలనుంది."

ఆ మాటకు నా మనసు కరిగిపోయింది. ఎవరి ప్లాన్ వాళ్లే రాసుకోవాలన్న నా నియమం నేనే తప్పి, ఆమె కోసం నేనే రాసిచ్చాను. మొదటి పాఠం, మిషను తొక్కడం. నాలుగు పేజీలు. అందులో ఇరవై నిమిషాలు మిషను భాగాల పేర్లకే పోయాయి. "మొత్తం కంఠతా పట్టు" అని కూడా చెప్పాను.

శుక్రవారం రిహార్సల్ పెట్టాం. మస్తాన్‌బీ నిటారుగా నిలబడి, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది.

"అందరికీ నమస్కారం. ఇక్కడ చిరునవ్వు నవ్వాలి. కుట్టుమిషనులో ముఖ్య భాగాలు పద్నాలుగు. రెండు నిమిషాలు ఆగి ప్రశ్నలు అడగాలి. జవాబు చెప్పినవారిని మెచ్చుకోవాలి..."

నేను నెత్తి కొట్టుకున్నాను. "ఓరి దేవుడా! అవన్నీ నువ్వు చెయ్యాల్సినవమ్మా, వాళ్లకు చదివి వినిపించేవి కాదు!"

"మీరే కదండీ మొత్తం కంఠతా పట్టమంది. రెండ్రోజుల్నుంచి పొయ్యి దగ్గర కూడా చదువుకుంటన్నా." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని కొంగుతో తుడుచుకుని నా వైపు సూటిగా చూసింది. "ఒక మాట అడుగుతా, కోప్పడమాకండి సార్. మీరెప్పుడైనా మిషను తొక్కారా?"

"లేదు."

"మరి తొక్కడం గురించి నాలుగు పేజీలు ఎట్టా రాశారండీ?"

ఆమె మూలనున్న కాలి మిషను చూపించి "కూర్చోండి" అంది. కూర్చున్నాను.

తొక్కగానే చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగింది. మళ్లీ ఎక్కించింది, మళ్లీ తెంపాను. ఆ తర్వాత చక్రం ముందుకే తిరిగింది గానీ, గుడ్డ అడుగున దారమంతా చిక్కుపడి ఉండ కట్టింది. "ప్రెషర్ ఫుట్ దించలేదండీ" అంది, గుడ్డను అదిమిపట్టే చిన్న ఇనప పాదాన్ని చూపిస్తూ. దించాను. కాళ్లవైపు చూసుకుంటూ తొక్కేసరికి కుట్టు మా మున్నేటి వాగులా వంకరలు పోయింది.

"కాళ్లను చూడమాకండి సార్, సూది ముందు గుడ్డను చూడండి. అసలు ముందు దారం తీసేద్దాం. ఇదిగో గీతల కాగితం. ఉత్త సూదితో గీత మీద నడపండి. కుడిచేత్తో చక్రాన్ని మీ వైపుకి తిప్పండి, అది కదిలాక తొక్కండి. ఆఁ, అట్టా!"

అరగంటకు సూది గీత మీద నడిచింది. "వచ్చిందమ్మా!" అని చిన్నపిల్లాడిలా అరిచాను. అప్పుడు గానీ వెలగలేదు, ఆ అరగంటా ఆమె కాగితం చూడకుండా, తడుముకోకుండా పాఠం చెప్పిందని. నా నాలుగు పేజీలు చించేశాను. "నేను ఎక్కడెక్కడ తప్పు చేశానో, నువ్వు ఏం చెప్పి దిద్దావో రాయి. అదే నీ ప్లాన్" అన్నాను. నవ్వుకుంటూ రాసింది. అంతా కలిపి అరపేజీ అయింది.

సోమవారం గంట ముందే ఇద్దరం జగ్గయ్యపేట చేరాం. మిషన్లకు నూనె వేసింది, వదులైన బెల్టు బిగించింది, ఒక్కో మిషను మీద ఒక్కో గీతల కాగితం పెట్టింది. పన్నెండుమంది ఆడవాళ్లు బిక్కుబిక్కుమంటూ వచ్చి కూర్చున్నారు. వెనక ఫైలుతో అధికారి. ఉద్యోగం ఆమెదైనా గుండె దడ నాది.

మస్తాన్‌బీ సంచిలోంచి నేను కుట్టిన గుడ్డ తీసి పైకెత్తింది. "ఇది మా సారు కుట్టింది. అంత చదువుకున్న మనిషికే మొదటిసారి ఇట్టా వచ్చింది. మీకూ ఇట్టాగే వస్తుంది, ఏం భయపడమాకండి."

క్లాసంతా ఘొల్లుమంది. నా చెవులు వేడెక్కాయి, అయినా నేనూ నవ్వాను. కాసేపటికి ఒక పెద్దావిడ దారం లేని మిషను మీదే చక్రం రెండుసార్లు వెనక్కి తిప్పి, "నావల్ల కాదు తల్లీ" అంటూ లేచింది.

"కూర్చో పిన్నీ. సారుకే అరగంట పట్టింది. నీకు అంత పట్టదులే."

క్లాసు అయ్యేలోపు పన్నెండుమంది సూదులూ గీత మీద నడిచాయి. పిన్నిగారైతే కాగితం ఇవ్వనని పర్సులో పెట్టుకుంది.

అధికారి లెసన్ ప్లాన్ అడిగారు. మస్తాన్‌బీ అరపేజీ ఇచ్చింది. పైన పేరు 'సారు చేసిన తప్పులు' అని ఉంది. ఆయన చదివి, నా వంక చూసి, భుజాలు కదిలేలా నవ్వారు. నవ్వు ఆపుకుని, "ఎప్పట్నుంచి చేరతారమ్మా?" అని అడిగారు. "రేపట్నుంచే సార్" అంది ఆమె. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఆనాటి నుంచి, ఆ పని బొత్తిగా రాని మనిషి మీద పరీక్షించనిదే ఏ ప్లాన్ మీదా సంతకం పెట్టడం లేదు. ఆ పని రాని మనిషి ఎక్కువగా నేనే. వైరింగ్ మేస్త్రీ దగ్గర ఫ్యూజు ఎగరగొట్టాను. గోరింటాకు డిజైన్ వెయ్యబోయి ఒకమ్మాయి అరచెయ్యంతా పాడుచేశాను. ఎవరు ఎక్కడ తడబడతారో తెలిశాకే పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుందని నాకు అంత ఆలస్యంగా బోధపడింది.

మొన్న జగ్గయ్యపేట వెళ్లాను. నా గుడ్డకు ఫ్రేము కట్టించి బోర్డు పక్కన తగిలించారు. కొత్త బ్యాచ్‌లో ఒకమ్మాయి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "టీచరుగారూ, ఆ గుడ్డ సారు ఈయనేనా?" అంది.

సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్న మస్తాన్‌బీ నా వైపు చూసి నవ్వింది.

"ఈయనే. నా మొదటి స్టూడెంటు."