నేను రాసిన క్షేమం

తొంభైల్లో బెంగుళూరులో, సరిహద్దుకు వెళ్ళిన జవాన్ల కుటుంబాలకని విడిగా క్వార్టర్సు ఉండేవి. మా వరసలో పన్నెండు ఇళ్ళు, ఒక్క ఇంట్లోనూ మగవాడు లేడు. మా ఆయన ఉత్త హవల్దారు, నేను మాత్రం ఆ వరసకంతా సుబేదారునన్నట్టే తిరిగేదాన్ని. నాకు తెలుగు, కన్నడం, హిందీ రాయడం వచ్చు. అందుకని చదువురాని వాళ్ళ ఉత్తరాలన్నీ నా చేతి మీదుగానే పోయేవి.

మాకో కట్టుబాటు ఉండేది. సరిహద్దులో ఉన్న మనిషికి ఇంటి కష్టం రాయకూడదు. మనసు ఇక్కడ పెట్టుకుంటే తుపాకీ పట్టినవాడికి ప్రమాదమని మా అత్త నాకు చెప్పింది, నేను కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పేదాన్ని. పిల్లలకు జ్వరమొచ్చినా, కప్పు కారినా "ఇక్కడ అందరం క్షేమం" అనే రాసేవాళ్ళం. నెలకోసారి అధికారుల భార్యలు వచ్చి ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగినా, ఏమీ లేవు మేడమ్ అని అందరికంటే ముందు నేనే అనేదాన్ని.

పక్కింటి అమ్మాయిది హొసకోటె దగ్గర పల్లె. చంకలో ఏడాది బిడ్డ. క్వార్టర్సు దొరక్కముందు అత్తవారింట్లో ఉండేది కాబట్టి భర్త డబ్బు ఇంకా వాళ్ళన్న పేరుకే పంపేవాడు. ఆ బావగారు తెచ్చివ్వాలి. రెండు నెలలు తెచ్చాడు, తర్వాత మనిషి పత్తా లేడు.

బియ్యం నేనిచ్చేదాన్ని. ఊరికే ఇస్తే తీసుకునేది కాదు. మా పప్పు ఏరిపెట్టి, బట్టలుతికి, అప్పుడు గిన్నె అందుకునేది. ఎంత రోషమో తల్లీ! నాకు ఒళ్ళు మండేది. నాకూ ముగ్గురు పిల్లలు, నెలాఖరుకు నా డబ్బా కూడా ఖాళీయే. ఒకరోజు వెళ్ళి చూస్తే బిడ్డకు పాలసీసాలో పల్చటి రాగినీళ్ళు పడుతోంది. తను పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

ఆ మధ్యాహ్నమే ఇన్లాండు కవరు తెచ్చి నా ముందు పెట్టింది.

"అక్కా, ఉండేది ఉన్నట్టు రాయి. బావ దుడ్డిచ్చేది నిలిపేసినాడు, ఇంట్లో గింజ లేదు, బిడ్డకు పాలు లేవని రాయి. వచ్చే నెల లీవు ఉండాది కదా, తప్పకుండా రమ్మను. ఆయప్ప వచ్చి అడిగితేనే బావ ఇస్తాడు. నేను పోతే వాకిలే తీయడు."

ఆమె చెబుతూ ఉంది, నేను రాస్తూ ఉన్నాను. రాసింది మాత్రం వేరు. "మేమందరం క్షేమం. బావగారు వేళకు డబ్బు తెచ్చిస్తున్నారు. బిడ్డ బొద్దుగా ఉంది. మా గురించి బెంగ పెట్టుకోవద్దు." ఎటూ వచ్చే నెల వస్తాడు, కళ్ళారా చూసుకుంటాడు, ఈలోగా అంత దూరంలో ఉన్న మనిషిని ఏడిపించడం ఎందుకనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"అంతా రాస్తివా?" అంది.

"రాశాను" అన్నాను. తనే అంటించి, తనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చింది.

ఆ తర్వాత వీధి చివర బస్సు ఆగితే చాలు, బిడ్డనెత్తుకుని వాకిట్లో నిలబడేది. మనిషి రాలేదు, ఉత్తరం వచ్చింది. పరుగున తెచ్చి, "చదువక్కా, ఏ రైలుకు వస్తాడంట?" అంది.

ముందు నాలో నేనే చదువుకున్నాను. "నీ ఉత్తరంతో మనసు నిమ్మళించింది. నాతో ఉండేవాడి ఇంట్లో తిండికి కూడా కష్టంగా ఉందట. మనకేం లోటు లేదు కాబట్టి నా సెలవు వంతు అతనికిచ్చాను. నాకు మళ్ళీ ఎండాకాలం పోయాకే."

మనకేం లోటు లేదన్న ముక్క మింగేసి, సెలవు వేరేవాళ్ళకిచ్చాడట, ఇప్పుడు రావడం లేదట అని మాత్రం చెప్పాను.

ఆమె నా మొహంలోకే చూసింది. "బిడ్డకు పాలు లేవని రాస్తివి కదక్కా? ఆయప్ప చదివినాడు కదా?"

అప్పుడైనా చెప్పాల్సింది. తప్పు నాదేనని ఒక్క మాట అంటే అయిపోయేది. నాకంటే చిన్నది, ఇన్నాళ్ళూ నా మాటే వేదమని నమ్మింది, దాని ముందు నాకు నోరు రాలేదు.

"చదివే ఉంటాడు" అన్నాను.

ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. "సరేలే అక్కా. ఇంక ఆయప్పకు ఏమీ రాయొద్దు" అంది.