గంగారాం ఫోటో ఉండాల్సిన చోటు

ఈ ముసురుకు నిజామాబాద్‌లో నేను అద్దెకుంటున్న గది గోడకు చెమ్మపట్టింది. తడిసిన సున్నం వాసన తగిలితే చాలు, నాకు సులోచనక్క గుర్తొస్తుంది. బోధన్‌లో కంప్యూటర్ సెంటర్ నడిపేది ఆమె. డిగ్రీ తప్పి ఇంట్లో బీడీలు చుడుతున్న నన్ను పిలిచి, వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పింది. ఈ రోజు నేను తింటున్న నాలుగు మెతుకులూ ఆమె పెట్టినవే.

మూతపడిన చక్కెర ఫ్యాక్టరీలో అక్క వాళ్ల బాపు పనిచేశాడు. ఆయనతో పాటు పనిచేసినవాళ్లందరి ఫోటోలతో ఒక పేజీ పెట్టాలని ఆమె పట్టుదల. ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు తెచ్చి, స్కాన్ చేసి, ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చి వచ్చేది. నాకు పాఠం కూడా వాటితోనే. “ఏమే, ఫోటోను పేజీల అతికిస్తలేం. అదేడున్నదో చెప్తున్నం, గంతే. అడ్రస్ తప్పు చెప్తే సుట్టమెట్లొస్తడు? ముందుగాల పేజీ ఉన్న ఫోల్డర్‌లనే ఫోటో ఎయ్యి” అనేది. ప్రతి ఫోటోకూ ఆ మనిషి గురించి నాలుగు మాటలు రాయించేది. ఫోటో ఉండగా ఈ రాతలెందుకని ఒకసారి విసుక్కున్నాను. “ఫోటో రాకపోతే గా జాగల గివే కనబడ్తయ్. కండ్లు లేనోళ్లకు కంప్యూటర్ సదివితే గివే ఇనబడ్తయ్” అంది.

ఒకనాడు రాజవ్వ అనే ముసలామె, పోయిన తన భర్త గంగారాం ఫోటో తెచ్చి నా చేతికిచ్చింది. ఆయనది ఉన్నది అదొక్కటే. స్కాన్ చేశాను కానీ, బద్ధకించి దాన్ని పేజీ ఉన్న ఫోల్డర్‌లో వేయకుండా, ఆ కంప్యూటర్‌లో ఎక్కడుందో ఆ చోటే పేజీలో రాసేశాను. మా తెర మీద లక్షణంగా కనిపించింది. అవ్వ తెరను తడిమి మురిసిపోయింది. కొన్నాళ్లకు ఆ పాత కంప్యూటర్‌ను ఖాళీ చేసి పక్కన పడేసేముందు అక్క అడిగింది, “ఫోటోలన్ని పేజీతోనే ఉన్నయ్ గదనే?” అని. చూడకుండానే “ఉన్నయక్కా” అన్నాను. నన్ను నమ్మడమే ఆమె చేసిన పొరపాటు.

ఆ వానాకాలం అవ్వ ఇంటి గోడ నాని, దానికున్న ఫోటో మొత్తం చెడిపోయింది. పరుగున సెంటర్‌కు వచ్చింది. “ఏం గాదు, గాయన కంప్యూటర్ల ఉన్నడు గదా, తియ్యి బిడ్డా” అంది. పేజీ తెరిస్తే ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. అందులో అక్క రాయించిన మాటలు: ‘గంగారాం. చెరుకు రసం కాగే చోట పనిచేశాడు. నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట.’ ఖాళీ చేసిన ఆ పాత కంప్యూటర్‌తోనే ఫోటో పోయింది. అక్క నా ముఖం చూసి అంతా అర్థం చేసుకుంది. “తప్పు నాదే అవ్వా, నేనే పోగొట్టిన” అంది. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి అవ్వ ఆమె మొహం చూడలేదు. నా దగ్గరకే వచ్చి ఆ మాటలు చదివించుకుని, నా తల నిమిరి పోయేది. ఎందుకలా చెప్పావని అడిగితే అక్క, “నువ్వు ఇంక శాన పనులు చేసేదున్నది. నా మీదనే పోనియ్యి” అంది.

పోయిన ఏడాది అక్క జబ్బుచేసి చనిపోయింది. ఇప్పుడైనా నిజం చెప్పాలని రాజవ్వ ఇంటికి వెళ్లాను. అక్క పోయిందని చెప్పగానే, “పోతే పోనీ. మా ఆయనను రెండోసారి సంపింది గామెనే” అని మొహం తిప్పుకుంది అవ్వ. కాసేపటికి, “గా మాటలు ఓసారి సదువు బిడ్డా” అంది. ఫోన్ తీసి చదివాను. చదువుతున్నంతసేపూ నా తల నిమురుతూనే ఉంది. ఇప్పుడు ఏ పేజీలో ఫోటో పెట్టినా వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసుకుంటాను. ఆ జాగ్రత్త వల్ల అవ్వకు ఒరిగిందేమీ లేదు. చనిపోయిన అక్క మీద నుంచి నా తప్పును నేను ఇంకా దించలేదు.