ఊరికే ఉరికే అయ్యవారు

మా బడి డ్రిల్లు అయ్యవారు రోజూ తెల్లారేసరికి పులివెందుల రోడ్డు మీద పరుగు తీసేవాడు, ఒంటికి మంచిదని. అవి ఫ్యాక్షన్ రోజులు. వెనక పరుగు చప్పుడైతే ముందు నడిచేవాడి చెయ్యి నడుములోని కత్తి మీదికి పోయేది. అందుకని మనిషి కనబడగానే ఆయన దూరం నుంచే కేకేసేవాడు: "నేనేప్పా, ఊరికే ఉరుకుతాండా."

ఎన్నికలు దగ్గరపడ్డాక ఒక పొద్దున అదే కేక మా వాకిటి ముందు వినబడింది. నేను లేవబోతుంటే "అయ్యవారేలేరా, పండుకో" అన్నాడు నాయన. అయినా కిటికీలోంచి చూశాను. ఆయన కాళ్లకు బూట్లు లేవు. వెనకనే జీపు వస్తోంది. ముందు రోడ్డు మీద మనిషన్నవాడే లేడు.

ఆయన మళ్లీ బడికి రాలేదు. "తరుముతాండారు" అని అరిచుంటే వీధిలో ఒక్క తలుపైనా తెరుచుకునేదేమో. ఊరికే అని మాకెందుకు చెప్పాడో నాకిప్పటికీ అర్థం కాదు.