కంచం అంచున సాసేజి

నాకు కొవ్వెక్కిందని మా ఆవిడ పెళ్లయిన నాటినుంచీ అంటూనే ఉంది. డాక్టరు రక్తపరీక్ష చూసి ఆ మాటే అనేసరికి, ఆవిడ చిరకాల వాదానికి శాస్త్రం కూడా తోడైంది. కొవ్వుతో పోటీపడి రక్తపోటు కూడా పైకెక్కిందట.

"ఉప్పు, కొవ్వు తగ్గించండి. నెల తర్వాత చూద్దాం. దిగకపోతే మాత్రలు మొదలుపెడతాను," అన్నాడాయన హిందీలో.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. ఆదివారం ఆదివారం ఈయన పంది మాంసం సాసేజీలు తింటాడని మా ఆవిడ ధారాళమైన సూరత్ హిందీలో నా గుట్టు విప్పింది. ఉల్లిపాయ కూడా ముట్టని ఆ డాక్టరు కలం ఆగిపోయింది. అది ఎలా ఉంటుందని పాపం కుతూహలంగా అడిగాడు. నేను రెండు చేతులూ ఎత్తి పొడవు చూపించబోతే మా ఆవిడ వాటిని కిందికి లాగేసింది.

బయట స్కూటరు దగ్గర తీర్పు వెలువడింది.

"ఇన్నవా? నెల దినాలు. బీపీ దిగకుంటే గోలీలు నువ్వు మింగాలె, సాసేజి మళ్ల ఇంట్లకు రావద్దు."

"దిగితే?"

"దిగితే సూద్దాం."

"చూద్దాం కాదు. దిగితే అది ఇంట్లో ఉంటుంది. పందెం."

"పంది మీద పందెమా! జర సిగ్గన్న లేదయ్యా నీకు?"

"ఉంటే బీపీ ఇంకా పెరిగేది."

నేను బ్యాంకు బదిలీ మీద కోస్తా నుంచి సూరత్ వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాణ్ణి. మా ఆవిడ ఈ ఊరి బమ్రోలి పేటలోనే, తెలంగాణ నుంచి వచ్చిన నేతవారింట పుట్టింది. మరమగ్గాల చప్పుడును దాటి వినిపించేలా మాట్లాడడం చిన్నప్పుడే అలవడింది కాబట్టి మా ఇంట్లో రహస్యాలు ఉండవు. సాసేజి రుచి నాకు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో గోవాలో అంటుకుంది. ఈ ఊళ్లో అది దొరకదనే అనుకున్నాను. కామ్‌రేజ్ దాటాక హైవే పక్కన మంచులో గడ్డకట్టించిన సరుకులమ్మే ఒక కొట్టు కనిపించిన రోజున పడ్డంత సంబరం ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా పడలేదు. థర్మోకోల్ డబ్బాలో ఐసు ముక్కలు పోసుకుని, పిల్లల టీకా మందు తెస్తున్నంత జాగ్రత్తగా స్కూటరు మీద తెచ్చేవాణ్ణి. ఒకదానికొకటి ముడిపడి దండలా ఉంటాయవి. ఆహారమంటే ఆ హారమేనని నా గట్టి నమ్మకం.

తెచ్చాక ఏం చేయాలో మాత్రం మాకు తెలిసిన దారి ఒక్కటే: పులుసు. మా ఆవిడకు ఆ వాసన పడదు, నోట పెట్టదు. అయినా వండిపెట్టడంలో ఏ లోటూ చేయదు. ముక్కలు కోసి, ఉల్లిపాయ, చింతపండు, కారం, ధనియాల పొడి వేసి, మేకమాంసానికి వేసినంత ఉప్పూ ఆ చేత్తోనే వేసేది. నేను అన్నం గుట్టలా పోసుకుని, అంచున ఆవకాయ పెట్టించుకుని, చెమటలు కక్కుతూ తినేవాణ్ణి. సాయంత్రం దాకా బిందెడు నీళ్లు తాగేవాణ్ణి. సూరత్ ఎండల మహిమ అనుకునేవాణ్ణి.

పందెం మొదలయ్యాక త్యాగాలు చేశాను. ఇక్కడి శనగపప్పు టిఫిన్ లోచో మీద వెన్న, సేవ్ అనే సన్న కారప్పూస వద్దన్నాను. అవి లేని లోచో తింటుంటే ఇడ్లీకి జబ్బు చేసినట్టుంది. మజ్జిగలో ఉప్పు మానాను. తాపీ నది ఒడ్డున నడిచాను. నడకా తాపీగానే సాగింది. సాసేజి జోలికి మాత్రం పోలేదు, అంటే దాన్ని మానే జోలికి.

కాలేజీలో పోషకాహారం చదువుతున్న మా అమ్మాయి నన్ను ప్రాక్టికల్ పరీక్షగా తీసుకుని రోజూ బీపీ చూసేది. ఓ ఆదివారం మధ్యాహ్నం, మా ఆవిడ పులుసు పెడుతుండగా, యంత్రం నా చేతికి చుడుతూ అంది:

"నాన్నా, వారమంతా బరాబర్ ఉంటావు. సండే సాయంత్రం మాత్రం ఏక్‌దమ్ రాకెట్!"

"సాసేజిలో ప్రోటీన్ ఉందని నువ్వే అన్నావుగా?"

"ఉంది. ఐరన్ ఉంది, బీ ట్వెల్వ్ ఉంది. కొవ్వు కూడా బోలెడుంది. పీచు మాత్రం జీరో. నిలవ ఉండాలని ఉప్పు దట్టించి మరీ చేస్తారు. ఎప్పుడన్నా కొంచెం తినేది యార్, ఇలా గిన్నెడు కూరలా తినేది కాదు."

ఉప్పు డబ్బాలో మా ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏందీ? దాంట్ల ముందుగాలనే ఉప్పుంటదా?"

"మమ్మీ! నువ్వు ఎప్పుడూ రుచి చూడలేదా?"

"నేను తిననే తిననైతిని! గీయన ఇన్నేండ్ల సంది ఒక్కనాడన్న ఉప్పైందన్నడా?"

తల్లీ కూతుళ్లు ఇద్దరూ నావైపు తిరిగారు. సాసేజి రుచే అంత అనుకున్నానని చెప్పాను. అయినా తను తినని కూరను నాకోసం వండిపెట్టే మనిషితో ఉప్పెక్కువైందని ఏ నోటితో అంటాను? ఉప్పు విరుగుడుకు ఇంకో గరిటె అన్నం వేసుకునేవాణ్ణి. అలా ఉప్పూ నేనే తిన్నాను, దాన్ని కప్పెట్టిన అన్నమూ నేనే తిన్నాను.

మా ఆవిడ పొయ్యి మీది పులుసు దించేసింది. మిగిలిన సాసేజి ఒకటి తీసుకుని ఏమీ వేయకుండా వేయించింది. కొంగుతో ముక్కు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, చీమ తలంత ముక్క నాలుక మీద పెట్టుకుంది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఓయమ్మో! ఇది కూర గాదయ్యా, తొక్కు!"

వాళ్లింట్లో ఊరగాయను తొక్కు అంటారు. ఇన్నాళ్లూ నేను తొక్కుతో పులుసు పెట్టించుకుని, అందులో అన్నం కలుపుకుని, దానికి మళ్లీ తొక్కు నంజుకుంటున్నానన్నమాట. మా అమ్మాయి నవ్వి నవ్వి యంత్రం గొట్టంతో సహా సోఫాలోంచి జారింది. నవ్వుకు నా చేతికున్న పట్టీ ఊడిపోయింది. ఆ పూట బీపీ ఎంతో ఎవరికీ తెలియదు.

మరుసటి ఆదివారం నా కంచంలో ప్రభుత్వం మారింది. నడుమ చప్పిడి పప్పు, సొరకాయ కూర, కీరా ముక్కలు, బుద్ధిగా కూర్చున్న కాస్త అన్నం. అంచున, ఆవకాయ వంశపారంపర్యంగా ఏలిన చోట, పలుచగా కోసి వేయించిన సాసేజి ముక్కలు కొన్ని. ఆవకాయకు ఆ రోజు సెలవు. ఒక్కో ముక్కా నంజుకుంటుంటే అందులో మిరియం ఉందని, వెల్లుల్లి ఉందని మొదటిసారి తెలిసింది. పాపం ఇన్నాళ్లూ చింతపండులో మునిగి చింతపడుతూ ఉన్నాయి.

నెల నిండింది. డాక్టరు పట్టీ బిగిస్తుంటే, ఓడిపోతానన్న భయమే బీపీని పెంచేస్తుందేమోనని ఇంకా భయమేసింది.  

"దిగింది. మాత్రలు ఇప్పుడే వద్దు, ఇలాగే కానివ్వండి," అన్నాడు డాక్టరు. తర్వాత గొంతు తగ్గించి, "మరి... అది మానేశారా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ అందుకుంది.

"ఆచార్ బనా దియా, సాబ్."

ఆయన ఊరగాయ సంగతి తెలిసిన మనిషిలా తలూపి, "ఆచార్ అయితే కొంచెమే వేసుకోవాలి," అన్నాడు.

"కొంచెమే," అంది ఆవిడ. నా వంక చూసి మళ్లీ అంది, "కొంచెమే."

బయటికొచ్చి స్కూటరు తీస్తుంటే ఆవిడ చేతిలోని పెద్ద సంచి నా వీపుకు గుచ్చుకుంది. తిరిగి చూస్తే లోపల ఖాళీ థర్మోకోల్ డబ్బా.

"ఇది ఇంటి నుంచే తెచ్చావా? బీపీ దిగుతుందని నీకెలా తెలుసు?"

"నాకేం ఎరుక? దిగకుంటే దాంట్లనే సొరకాయలు నింపుకపోదామనుకున్న. ఇగ సూసుడు సాలు గని, కామ్‌రేజ్ దిక్కు పోనియ్."