కొండ దిగని టైమింగ్

మంచుకొండల మీది మా సైనిక శిబిరానికి నేను చేరింది మధ్యాహ్నం. ఎండ కాస్తూనే ఉంది, సీసాలో నీళ్లు మాత్రం గడ్డకట్టాయి. లారీ దిగి నాలుగడుగులు వేసేసరికి ఆయాసం. సుబేదార్ చలికోటు, బూట్లు, పానాల పెట్టె నా చేతికిచ్చాడు.

"మూడు లారీలు నీవి. ఒక్కటి ఆగినా కింద నుంచి రేషన్ ఎక్కదు, పై నుంచి రోగి దిగడు."

మెకానిక్‌గా నాకు అందిన ఆర్డరు అంతే.

డీజిల్ బండికి ప్రాణం టైమింగ్. ఇంజెక్షన్ పంపు సరైన క్షణంలో సిలిండర్‌లోకి డీజిల్ పంపాలి. ఆ చలిలో, ఆ పలచటి గాలిలో డీజిల్ ఆలస్యంగా అంటుకుంటుంది. అందుకే పంపు నట్లు వదులు చేసి, వెంట్రుకవాసి ముందుకు తిప్పి బిగించేవాణ్ణి. ఇంజన్ టకటకా కొట్టుకునేది. ఆ చప్పుడు వింటే మాకు ధైర్యం. మెత్తబడితే గుండెల్లో రాయి పడేది.

ఒక సాయంత్రం వైర్‌లెస్‌లో మా డ్రైవర్ గొంతు. ఉట్నూరువాడు, నాతో మన తెలుగే మాట్లాడతాడు.

"అన్నా, కనుమ కింద బండి ఆగింది. తెల్ల పొగ వస్తుంది గని అందుకుంటలేదు. ఎన్క దవాఖానకు తీస్కపోయే సంత్రీ ఉన్నడు, ఆయనకు ఊపిరాడ్తలేదు."

"బ్యాటరీ ఖరాబ్ చెయ్యకు. వస్తున్న."

దారికి అడ్డంగా ఆ బండే ఉంది. అది కదలందే కిందికెళ్లిన మిగతా రెండు లారీలూ పైకి రాలేవు. పెట్టె భుజాన వేసుకుని నడిచే దిగాను. గ్లౌజులతో నట్టు చేతికి ఆనదు, తీసేశాను. వేళ్ల చర్మం ఇనుముకు అంటుకుంది. జారిన పంపును సరిచేశాను, ఇంజన్ అందుకుంది. సంత్రీ బతికాడు.

సర్వీసు ముగించుకుని జమ్మికుంట వచ్చాక కాలు కాలిన పిల్లిలా తిరిగాను. వాకిట్లో షెడ్డు పెట్టుకుంటే మనసు నిలుస్తుందని ఆశ. అన్న పత్తి లారీ నా మొదటి బండి. అది బాగైతేనే మిగతావాళ్లు వస్తారు. పక్కింటి డ్రైవర్ చూడటానికే వచ్చి కూర్చున్నాడు.

అలవాటు చొప్పున పంపు ముందుకు తిప్పి టైమింగ్ పెట్టాను. టకటకా కొట్టుకుంది. నాకు ప్రాణం లేచివచ్చింది, అన్న మొహం మాడిపోయింది.

"గిదేందిరా? గిట్ల కొట్టుకుంటే పిస్టన్లు నిలుస్తయా?"

"మంచిగనే ఉన్నది గదన్నా!"

పక్కింటి డ్రైవర్ నవ్వాడు. "గీ ఎండల మంచుబండి జేసినవా తమ్మీ?"

సిగ్గేసింది, కోపమూ వచ్చింది. చాయ్ తెచ్చిన అవ్వ మాత్రం నవ్వలేదు.

"ఇంజన్ సంగతి నాకేం ఎరుక బిడ్డా. నువ్వే ఇంకా కొండ దిగలే."

నట్లు వదులు చేసి పంపును వెనక్కి తిప్పాను. ఇంజన్ మెత్తబడింది. అన్న వీపు తట్టాడు. నవ్విన డ్రైవరే, "రేపు నా బండి గూడ తెస్తా" అన్నాడు.

షెడ్డు నిలిచింది. నేనే నిలవలేకపోతున్నాను. మెత్తటి ఇంజన్ పక్కన ఉంటే, ఇప్పుడో ఇంకాసేపటికో ఆగిపోతుందని భయం. కళ్లు మూస్తే ఆ కనుమే. నేను దిగి వెళ్లేసరికి ఆ ఉట్నూరు డ్రైవర్ తన చలికోటు విప్పి ఇంజన్ మీద కప్పి ఉంచాడు. ఉత్త స్వెటరుతో మంచులో నిలబడి ఇప్పటికీ నా దారి చూస్తున్నాడు.