రెండు మార్కుల కార్డు

ఆ రోజుల్లో ప్రపంచంలోని ఏ వస్తువునైనా పదికి ఎన్ని అని అడగవచ్చనీ, పదికి పది రాకపోతే అది ఎవరిదో ఒకరి తప్పేననీ నేను గట్టిగా నమ్మేవాణ్ణి. నమ్మనా మరి? పదో తరగతిలో పదికి పది తెచ్చుకున్నానని మా ఊరి బస్టాండు ఎదురుగా నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు (దాని పక్కనే ఒక బిర్యానీ హోటల్ ఫ్లెక్సీ ఉండేది, జనం దేన్ని చూసేవారో నాకిప్పుడు బాగా తెలుసు). ఆ తర్వాత రెండేళ్ళు హాస్టల్లో తెల్లవారుజామున లేపి బట్టీ పట్టించారు. నాకు అర్థమయ్యేది తక్కువ, గుర్తుండేది ఎక్కువ. ఒకసారి చదివానంటే కామాలతో సహా అప్పజెప్పేవాణ్ణి. ఆ ఒక్క విద్యతోనే ఇంజనీరింగ్ గట్టెక్కి, విమానాల కొద్దీ కెనడాకి చదువుకి వచ్చిపడుతున్న మావాళ్ళతో పాటు నేనూ ఒక జనవరిలో స్కార్‌బరోలో దిగాను. అక్కడ ఒక పెద్దాయన దగ్గర నేను చేసిన ఘనకార్యం గురించి ఇప్పటికీ నవ్వుతూ చెప్పడం మొదలుపెడతాను. చివరిదాకా నవ్వుతూ చెప్పగలిగిన రోజు మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఒక బేస్‌మెంట్లో ఐదుగురం ఉండేవాళ్ళం. వారానికి ఇరవై గంటలకు మించి పనిచెయ్యకూడదని రూలు. అసలు పని దొరికితే కదా మించడానికి! కాఫీ షాపులో ఇద్దరు కావాలని బోర్డు పెడితే వీధి మలుపు దాకా క్యూ ఉండేది, అందులో సగం మంది మా కాలేజీవాళ్ళే. రెజ్యుమేలు పట్టుకుని కాలికి బలపం కట్టుకుని తిరిగాం. ఒక మధ్యాహ్నం బస్సు ఎంతకీ రాక, చెవులు ఉన్నాయో ఊడిపోయాయో తెలియక, వెచ్చగా నిలబడదామని పక్కనే ఉన్న ఒక చిన్న దుకాణంలోకి దూరాను. లోపల గోడల నిండా, పెట్టెల నిండా అరచేతిలో పట్టేంత బొమ్మ కార్డులు. ఒక్కో కార్డు మీద టోపీ పెట్టుకుని బ్యాటు పట్టుకున్న ఒక్కో బేస్‌బాల్ ఆటగాడు. పూర్వం బబుల్‌గమ్ పొట్లాల్లో పెట్టి పిల్లలకి అమ్మినవట. కౌంటర్ వెనక డెబ్బై అయిదు దాటిన పెద్దాయన భూతద్దం కంటికి ఆనించుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఏం కావాలి అనలేదు. "నీ కళ్ళు బాగా కనిపిస్తాయా?" అన్నాడు. (ఆయన మాటలన్నీ ఇంగ్లీషే. నా జ్ఞాపకంలో ఎప్పుడో తెలుగులోకి మారిపోయాయి.) కనిపిస్తాయన్నాను. ఒక కార్డు చేతిలో పెట్టి, "నాలుగు మూలల్లో ఏది అరిగింది?" అన్నాడు. "కింద ఎడమవైపుది సార్." "సోమవారం నుంచి రా," అన్నాడు. కెనడాలో నా మొదటి ఇంటర్వ్యూ అంతే.

పెద్దాయనకి రెండు కళ్ళలోనూ చూపు మధ్యలో మచ్చలా మసక వచ్చింది. అంచులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. అందుకని జనం తెచ్చిన పాత కార్డుల్ని నేను చూసి చెప్పాలి. మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు చిట్లాయా, బొమ్మ సరిగ్గా మధ్యలో అచ్చయిందా, పైన గీతలున్నాయా, ఇవన్నీ చూసి పదికి ఎన్నో అంచనా వెయ్యాలి. బాగున్నవాటిని ఆయన గ్రేడింగ్ కంపెనీకి పంపితే, వాళ్ళు అసలు మార్కు వేసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసి పంపేవారు. నా ఆనందం చూడాలి! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మార్కులు వేయించుకోవడమే గానీ వెయ్యడం ఎరగను. మా బేస్‌మెంట్లో అందరికంటే ముందొచ్చిన కరీంనగర్ అన్న విని పడీపడీ నవ్వాడు. "ఏందిరా, బొమ్మలకు మార్కులేసుడు గూడ ఒక కొలువేనా? మంచిగుంది పో. మరి నాకెన్నేస్తవు పదికి?" అన్నాడు. "నీకు పైభాగం అరిగిపోయిందన్నా, నాలుగు దాటదు," అన్నాను (అన్నకి ముప్ఫై నిండకుండానే బట్టతల). ఇంటికి ఫోన్ చేసి మార్కులు వేసే పని అంటే మా అమ్మ మరోలా అర్థం చేసుకుంది. "అంటే పేపర్లు దిద్దుతున్నావా నాన్నా? అది లెక్చరర్లు కదరా చేసేది!" అంది. అలాంటిదేలే అన్నాను. సాయంత్రానికల్లా మా వీధిలో నేను లెక్చరర్ని అయిపోయాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం, "పిల్లలు బాగా రాస్తున్నారా?" అని అడిగేది.

మొదటి వారంలోనే ఒక పాత కార్డు పట్టుకుని, "సార్, ఇలాంటివి ల్యామినేషన్ చేయిస్తే కలకాలం ఉంటాయి కదా?" అన్నాను. మా ఇంట్లో నా మార్కుల మెమోలు, రేషన్ కార్డు, ఆఖరికి తిరుపతి రూము రసీదు కూడా ల్యామినేషన్ అయ్యే ఉంటాయి. విలువైన కాగితమంటే మాకు అదే మర్యాద. పెద్దాయన నా చేతిలో కార్డు మెల్లిగా లాక్కుని, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ రోజే నాకు రెండు సంగతులు నేర్పాడు. ఒకటి, లాంప్. ఇనప మెడతో ఎటు కావాలంటే అటు వంగే పాత లాంప్ అది, స్విచ్ నొక్కితే పక్క షాపుకి వినపడేలా టక్కుమనేది. దాన్ని వేసి కార్డుని ఏటవాలుగా పట్టుకుంటే మామూలు వెలుతురులో దొరకని నొక్కులు, మడతలు బయటపడతాయి. రెండోది ఒక నియమం. "మనం చూసి చెప్పడమే, అబ్బాయ్. బాగుచెయ్యడం మన పని కాదు." రెండూ నోట్సులో రాసుకున్నాను, రెండూ అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పగలిగేవాణ్ణి.

ఆయనకి నా మీద ఎందుకో అభిమానం కలిగింది. నా స్నీకర్లు చూసి, తన పాత మంచు బూట్లు తెచ్చి ఇచ్చాడు. అవి నాకు రెండు సైజులు పెద్దవి. రెండు జతల సాక్సు తొడిగి, బాతులా నడిచి వెళ్ళేవాణ్ణి. ఒకసారి క్లాసులో పుస్తకం చూసి రాసే పరీక్ష పెట్టారు. బట్టీ విద్య ఎందుకూ కొరగాక పదికి రెండు వచ్చాయి. షాపులో మొహం వేలాడేసుకుని కూర్చుంటే ఎందుకని అడిగాడు. చెప్పాను. "రెండు వచ్చిన కార్డులే పిల్లలు నిజంగా ఆడుకున్నవి. పది వచ్చినవి ఎవరూ పెట్టెలోంచి తియ్యనివి," అన్నాడు. పెద్దాయన ఏదో ఓదారుస్తున్నాడులే అనుకున్నాను. ఆ మాట నా బుర్రలోకి ఎక్కి ఉంటే ఇప్పుడు ఈ జ్ఞాపకం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన కంటికి ఇంజెక్షన్ చేయించుకోవడానికి ఆసుపత్రికి వెళుతూ, పై అరలోని ట్రేలో ఉన్నవన్నీ చూసి పెట్టమన్నాడు. పై అర అన్నాడు. నేను అతిశ్రద్ధగా కింది సొరుగు కూడా తీశాను. అందులో ప్లాస్టిక్ తొడుగులో ఒకే ఒక్క కార్డు ఉంది. మూలలు గుండ్రంగా అరిగిపోయాయి, మధ్యలో సన్నటి మడత. వెనకవైపు పెన్సిల్‌తో, వంకరటింకర అక్షరాలతో, ఎవరో పిల్లాడు రాసిన గీతలు. నేను వేసిన మార్కు రెండు. వెనక ఆ రాత లేకపోతే మూడు, ఇంకాస్త దయతలిస్తే నాలుగు. రాతని చదివాను కూడా. 'నేను వచ్చేదాకా దీన్ని ముట్టుకోవద్దు' అని ఉంది. చదివి ఏమనుకున్నానో దాచకుండా చెబుతున్నాను, ఎవడో కొంటె వెధవ మంచి కార్డుని పాడుచేశాడనుకున్నాను. రికార్డు బుక్కులో పెన్సిల్ గీత మిగిలిందని రెండు మార్కులు కోసే మేడమ్ చేతికింద పెరిగినవాణ్ణి. బూట్లిచ్చిన మనిషికి గురుదక్షిణగా రెండు మార్కులు పెంచి చూపిద్దామనుకున్నాను. నా పౌచ్‌లో ఇండియా నుంచి తెచ్చుకున్న తెల్ల రబ్బరు ఉంది. ఊపిరి బిగబట్టి, కాగితం రేగకుండా, ఒక్కొక్క అక్షరమే తుడిచాను. రబ్బరు పొడి ఉఫ్ అని ఊదేశాను. అంత నేర్పుగా నేను జీవితంలో మరే పనీ చెయ్యలేదు.

నాలుగింటికి పెద్దాయన వచ్చాడు. ఒక బూటు విప్పి రెండోది విప్పుతుండగానే నేను ఆగలేకపోయాను. "సార్, కింది సొరుగులో కార్డు ఇంతకుముందు రెండే. ఇప్పుడు నాలుగు వస్తుంది!" అన్నాను. ఆయన చెయ్యి చాపాడు. కార్డు పెట్టాను. వెనక్కి తిప్పి బొటనవేలితో మెల్లిగా తడిమాడు. "దీని మీద రాత ఉండాలి," అన్నాడు. "తుడిచేశాను సార్. శుభ్రంగా," అన్నాను. మెచ్చుకోలు కోసం నిలబడి ఉన్నాను, అదీ నా తెలివి. "శుభ్రంగా," అన్నాడాయన మళ్ళీ, ఆ మాటకి అర్థం వెతుక్కుంటున్నట్టు. తర్వాత కోటు కూడా విప్పకుండా, ఒక కాలికి బూటుతోనే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తనంతట తనే చెప్పాడు. ఆ కార్డు ఆయన తమ్ముడిది. ఇద్దరూ గమ్ పొట్లాలు కొని కార్డులు పంచుకునేవారు, దీని కోసం మాత్రం ఎప్పుడూ కొట్టుకునేవారు. తమ్ముడికి తొమ్మిదేళ్ళప్పుడు పోలియో వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. వెళ్ళే ముందు మంచం మీదే కూర్చుని, అన్న కాజేస్తాడన్న భయంతో కార్డు వెనక ఆ వాక్యం రాశాడు. మళ్ళీ రాలేదు. "నేను ముట్టుకోలేదు," అన్నాడు పెద్దాయన. "తొడుగులోంచి తియ్యనేలేదు. అరవై ఏళ్ళు దాటింది." పోలియో అంటే నాకు తెలిసింది ఆదివారం పూట నోట్లో వేసిన రెండు చుక్కలే. ఏడుస్తూ సారీ చెప్పాను, ఎన్నిసార్లో గుర్తులేదు. ఆయన నా వైపు తిరగకుండానే, "లాంప్ వెయ్యి," అన్నాడు. "పిల్లలు పెన్సిల్ గట్టిగా అదిమి రాస్తారు. నొక్కులు ఉంటాయి. నాకు కనిపించదు, నువ్వు చూడు."

టక్కుమని వేశాను. కార్డు ఏటవాలుగా పట్టుకుని ఎన్ని కోణాల్లో తిప్పానో! మొదటి మాట ఒక్కటి, అదీ సగం, నీడలా కనిపించింది. మిగతాదంతా నా రబ్బరు మింగేసింది. "ఉందా?" అన్నాడు. ఆయన గొంతు విని నిజం చెప్పలేకపోయాను. "ఉంది సార్. మొత్తం ఉంది." "చదువు." నేను బట్టీ వీరుణ్ణి కదా, కామా ఫుల్‌స్టాపులతో చదివాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "అయితే మార్కులేం పెరగవు. ఇంకా రెండే," అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం మా అమ్మ అలవాటు ప్రకారం, "పిల్లలు ఎలా రాస్తున్నారు నాన్నా?" అంది. "ఒక పిల్లాడు చాలా బాగా రాశాడమ్మా. నేనే తుడిచేశాను," అన్నాను. "అయ్యో, పాపం! రీవాల్యుయేషన్ పెట్టుకోమనరా," అంది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం షాపు మూసేముందు, ఆయన అటు తిరిగి కోటు వేసుకుంటూ, "ఒకసారి చదువు," అనేవాడు. నేను సొరుగు తీసి చదివేవాణ్ణి. వారాలు, నెలలు గడిచాయి, వేసవి వచ్చి పోయింది. చదువు పూర్తయింది, దేశానికి అవతలి వైపున్న కాల్గరీలో ఒక ఐటీ ఉద్యోగానికి అప్లై చేస్తే వచ్చింది. చివరి శుక్రవారం ఆయన చదవమన్నప్పుడు ఇక దాచలేకపోయాను. "సార్, క్షమించండి. కార్డు మీద సగం మాటే మిగిలింది. మిగతాది నేను గుర్తుపెట్టుకుని చెబుతున్నాను," అన్నాను.

"తెలుసు," అన్నాడు పెద్దాయన, కోటు గుండీలు తడిమి పెట్టుకుంటూ. "మొదట్లో నాలుగు వారాలు లాంప్ వేసేవాడివి. ఆ తర్వాత స్విచ్ చప్పుడే లేదు. చీకట్లోనే చదివేస్తున్నావు."

"మరి తెలిసి కూడా ఎందుకు చదివించారు సార్?"

"నా తమ్ముడు రాసిన మాట ఇప్పుడు ఇద్దరికే తెలుసు, అబ్బాయ్. నాకూ, నీకూ. నేను ఎంతకాలం ఉంటాను? నువ్వు మరిచిపోకూడదని చదివించాను."

నా బట్టీ విద్యని జీవితంలో ఒక మనిషి అలా వాడుకున్నాడు. నన్ను శిక్షించాడో, నమ్మాడో ఇప్పటికీ తేల్చుకోలేను. నేను కాల్గరీ వచ్చిన రెండో చలికాలంలో పెద్దాయన పోయాడని కరీంనగర్ అన్న ఫోన్‌లో చెప్పాడు. "షాపుకి తాళమేసిన్రురా. అద్దాల మీద కాగితాలు అంటిచ్చిన్రు," అన్నాడు. ఆ కార్డు ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో తెలియదు. ఎవరి దగ్గరున్నా వెనకవైపు తిప్పి చూస్తే ఏమీ ఉండదు, మహా అయితే ఎవరో తెలివైనవాడు బాగా శుభ్రం చేశాడనుకుంటారు.

శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసేముందు నా పెదవులు కదులుతాయి. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మా ఆవిడ చూసి, ఏదో శ్లోకం చదువుకుంటున్నానని కాఫీ కప్పు చప్పుడు కాకుండా పెట్టి వెళుతుంది. రెండు సైజులు పెద్దవైన బూట్లు తొడుక్కుని, రబ్బరు పొడి ఊదేసి, మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ నిలబడిన ఆ పదికి పది కుర్రాడు అప్పుడు నా కళ్ళ ముందుకి వస్తాడు. వాణ్ణి చూస్తే జాలేస్తుంది, కొంచెం నవ్వూ వస్తుంది. తర్వాత తొమ్మిదేళ్ళ పిల్లాడి వాక్యం మొదటి నుంచి చివరిదాకా అప్పజెబుతాను. నేను వచ్చేదాకా దీన్ని ముట్టుకోవద్దు.