విజిల్ లేని కుక్కర్

మా అమ్మాయి కొత్త కుక్కర్ పంపింది. దానికి విజిల్ లేదు. పప్పు ఉడికితే ఫోన్‌కి మెసేజ్ పెడుతుందట. పొద్దున పెట్టబోతే ముందు వైఫై పాస్‌వర్డ్ అడిగింది, తర్వాత నా పుట్టిన తేదీ అడిగింది. కందిపప్పు ఉడకడానికి నా వయసుతో ఏం పని?

చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. నాన్న మగ్గం చప్పుడులో, పక్కనే కండెలు చుట్టే అమ్మకు విజిల్ వినిపించేది కాదు. లెక్కపెట్టడం నా పని. ఒక్కో విజిల్‌కు గోడ మీద బొగ్గుతో ఒక గీత. రెండిళ్లలోనూ ఒకేసారి కుక్కర్ పెడితే మాత్రం గోడ దగ్గర నిలబడి అరవాల్సిందే.

“అక్కా, ఇప్పుడొచ్చింది మీదా, మాదా?”

“మాదేలేరా! దాన్ని గూడా కలుపుకోని, మొన్నటి మాదిరి ఉడకని పప్పు తినేరు!”

మీలో ఎంతమంది అలాంటి పప్పు తిన్నారో నిజం చెప్పండి.

పెళ్లయ్యాక ఆదోనిలోనూ నాకు అదే పని. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ మా ఆవిడ అడిగేది.

“ఎన్నొచ్చినాయి?”

“రెండు.”

“నాకు మూడు ఇనపడినాయే! పేపర్ సదువుతాండారా, నిద్రపోతాండారా?”

తనకు పైకి వినపడేవే. అయినా రోజూ అడిగేది, మూడు కాగానే స్టవ్ ఆపమని పైనుంచే కేకేసేది.

ఆమె పోయి ఆరు నెలలు.

కొత్తదాన్ని అట్టపెట్టెలో పెట్టేసి, అటక మీది పాత కుక్కర్ దించాను. మూడో విజిల్ రాగానే మిద్దె మెట్ల వైపు తిరిగి “మూడు” అన్నాను.

నాలుగోది కూడా వచ్చాక, లేచి వెళ్లి స్టవ్ ఆపాను.